విజయనగరం టైలర్ మాస్టారికి, మా ఇంటిల్లిపాది తరఫున

నిన్న మా పెదతాత తద్దినం పెట్టాం. ఆయన పోయి ఎనభై ఏళ్లు దాటింది. ఆయన సొంత తిథిన పెట్టడం మాత్రం ఇదే మొదలు. చుట్టాలు, వంటలు, వడ్డనలు అయ్యేసరికి ఒంట్లో ఓపిక లేదు. ఇవాళ పొద్దున్నుంచి కాళ్లు ఒకటే పీకుడు. అయినా ఈ నాలుగు ముక్కలు రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టదు. ఒక పెద్దాయనకి నేను సరిగ్గా దణ్ణం కూడా పెట్టలేకపోయాను. పెడదామంటే పెట్టనివ్వలేదు ఆయన.

మాది సోంపేట దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా తాత, ఆయన అన్న ఇద్దరూ పట్టాళంలో చేరారు. తాత తిరిగొచ్చారు. పెదతాత రాలేదు. బర్మాలో పోయారని కబురు వచ్చిందట, అంతే. ఏ రోజు పోయారో, ఎక్కడ పోయారో ఇంట్లో ఎవరికీ తెలీదు. తిథి తెలియని వాళ్లకి మహాలయ అమావాస్య నాడు నీళ్లు వదులుతారు కదా, అలాగే ముత్తాత వదిలారు, తర్వాత తాత, ఆ తర్వాత నాన్న. తాత డిశ్చార్జి బుక్కు, పాత కాగితాలు అన్నీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ఇంటి కప్పు లేపేసినప్పుడు నానిపోయి ముద్దయిపోయాయి. మిగిలింది ఒక రేకు డబ్బా, అందులో ఆరు మెడల్స్. అన్నీ తాతవే అనుకునేవాళ్లం. నానమ్మ ఉన్నన్నాళ్లూ ప్రతి దసరాకీ చింతపండు పెట్టి తళతళా తోమి ఆయుధపూజలో పెట్టేది. రిబ్బన్లు ఎప్పుడో పురుగు తినేసింది.

నాన్నకి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. ఆ మెడల్స్‌కి కొత్త రిబ్బన్లు వేయించి, ఫ్రేము కట్టించి గోడకి పెట్టమని అడిగారు. ఇంకేమీ అడగలేదు. సరే అని నేను బయల్దేరాను.

ముందు పాత నాణేలు కొనే ఒకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక మెడల్ తిప్పి చూసి, అశోక చక్రం మీద బ్రిటిష్ కిరీటం ఉంటుందా, ఇది నకిలీ అన్నాడు. అని ఊరుకోలేదు, అన్నీ కలిపి తూకానికి ఇచ్చేయమన్నాడు. సైనికుల కుటుంబాలకి సాయం చేయాల్సిన ఒక ఆఫీసుకి వెళితే డిశ్చార్జి బుక్కు తెమ్మన్నారు. తుపానులో పోయిందంటే అయితే మేమేం చెప్పలేం అన్నారు. ఇంకో ఆఫీసుకి రాసుకోమన్నారు, అక్కణ్నుంచి జవాబు లేదు. మెడల్ అంచు మీద పేరూ నంబరూ ఉంటాయమ్మా, చూసుకో అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఇన్ని టేబుళ్ల దగ్గర ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. మన జిల్లాల నుంచి ఎంతమంది పట్టాళానికి వెళ్లారు! వాళ్ల ఇళ్లల్లో ఇలాంటి డబ్బాలు ఎన్ని ఉన్నాయో! ఏ మెడల్ దేనికి ఇస్తారో తెలుగులో ఒక్క కాగితం అచ్చేసి పెట్టలేరా? ఇది రాస్తుంటే మళ్లీ కోపం వస్తోంది. ఇక్కడితో ఆపుతాను.

మాస్టారి కొట్టు విజయనగరంలో ఒక సందులో ఉంది. రెండు మిషన్లు, ఒక బల్ల, అంతే. చింతలవలస స్పెషల్ పోలీస్ ఐదో బెటాలియన్ వాళ్లూ, పోలీసులూ యూనిఫారాలు కుట్టించుకుంటారు. మెడల్స్‌కి బదులు యూనిఫారం మీద పెట్టుకునే రిబ్బన్ బార్లు కూడా ఆయనే కుడతారు. వాళ్ల నాన్నగారు కూడా అదే పని చేసేవారట. మాస్టారు పట్టాళంలో లేరు, పోలీసులోనూ లేరు. నలభై యాభై ఏళ్లుగా వాళ్ల గుండెల మీద ఉండేవి కుడుతూ నేర్చుకున్నారు, అంతే.

"ఏటమ్మా, ఏటి తెచ్చావు?" అంటూ డబ్బా మూత తీశారు. తీసి, మిషను ఆపేసి, లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చారు. అప్పుడు గానీ మెడల్స్ ముట్టుకోలేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరగడం అక్కడే మొదలైంది. అప్పటిదాకా వాటిని పట్టుకున్న వాళ్లు ఒకరు టీ గ్లాసు పక్కన పడేశారు, ఇంకొకరు పెన్నుతో గీకి చూశారు.

ఆయన ఒక్కొక్కటీ గుడ్డ మీద పేర్చారు. ఆరు మొనల నక్షత్రాలు రెండు. గుండ్రటి బిళ్లలు నాలుగు, అందులో రెండు అచ్చం ఒకేలా ఉన్నవి. రెండు తలల డ్రాగన్‌ని తొక్కి నిలబడ్డ సింహం బొమ్మ వాటి మీద.

"ఇవన్నీ ఎవరివమ్మా?"

"మా తాతగారివండి."

"ఒక్కరివేనా?" మళ్లీ అడిగారు. ఆ రెండు సింహం బిళ్లల్ని పక్కపక్కన పెట్టారు. "ఇది వార్ మెడల్ తల్లీ. 1939 నుంచి 45 దాకా జరిగిన యుద్ధంలో 28 రోజులు నౌకరీ చేసిన వాళ్లకి ఇచ్చారు. ఒక మనిషికి ఒకటే. రెండివ్వరు."

నేను ఆ మాట విని ఊరికే చూస్తూ ఉండిపోయాను. మా ఇంట్లో ఇన్నేళ్లుగా ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఎక్స్‌ట్రా అనుకుని చిన్నప్పుడు మా తమ్ముడికి ఆడుకోవడానికి కూడా ఇచ్చేవారు.

తర్వాత ఆయన బట్ట మీద గీతలు గీసే సుద్ద తీసి ఒక బిళ్ల అంచు మీద మెల్లగా రాశారు. పైపైన తుడిచేశాక, అరిగిపోయిన అక్షరాల గాళ్లలో సుద్ద నిలబడి తెల్లగా కనిపించింది. మామూలుగా ఆ యుద్ధం మెడల్స్ బ్రిటన్ వాళ్లకి పేరు లేకుండానే ఇచ్చారట. మన పట్టాళం వాళ్లకి మాత్రం నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఇచ్చారట. బిళ్లలకైతే అంచు మీద, నక్షత్రాలకైతే వెనకవైపు. నక్షత్రాల వెనక చింతపండుకి దాదాపు అన్నీ పోయాయి. ఈ అంచు మీద మాత్రం మిగిలాయి. ఆయన కూడబలుక్కుంటూ చదివారు. ఎస్.పి.ఆర్. అంటే సాపర్. ఐ.ఇ. అంటే ఇండియన్ ఇంజినీర్స్, దారులూ వంతెనలూ వేసే దళం. మధ్యలో పేరు. ఆ పేరు మా తాతది కాదు. పెదతాతది.

రెండో బిళ్ల అంచు మీద తాత పేరుంది. అప్పుడు డబ్బాలోవి రెండుగా విడిపోయాయి. దేశం లోపల మూడేళ్లు పనిచేసిన వాళ్లకిచ్చిన ఇండియా సర్వీస్ మెడల్ తాతది. ఆ నకిలీ అన్నది కూడా తాతదే, 1947 ఇండిపెండెన్స్ మెడల్. స్వాతంత్య్రం వచ్చిన రోజుకి పట్టాళంలో ఉన్నవాళ్లకి ఇచ్చారు. 1950 జనవరి 26 దాకా మనకి జార్జి రాజే కదా, అందుకే అశోక చక్రం మీద కిరీటం. ఈ ముక్క మాస్టారు ఎంత మామూలుగా చెప్పారో! నకిలీ అన్న మాట దిగమింగుకోలేక నేను ఎన్ని రాత్రులు తిప్పలు పడ్డానో ఆయనకి తెలీదు. మిగిలిన రెండు నక్షత్రాలు పెదతాతవి. ఒకటి 1939-45 స్టార్. రెండోది బర్మా స్టార్.

పెదతాత నంబరులో చివరి అంకె అరిగిపోయింది. పేరు చూస్తే మా వైపు వీధికి ఇద్దరికుండే పేరు. మాస్టారి మనవరాలు డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయి ఫోనులో కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డులు తీసింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటన్, మన దేశం లాంటి కామన్‌వెల్త్ దేశాల సైనికుల పేర్లు అందులో ఉన్నాయి. శ్రీకాకుళం అని కొడితే ఎవరూ రాలేదు. నాకు ఆశ పోయింది. మాస్టారు పక్కనుంచి, "అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఎక్కడిదే? 1950లో కదా వచ్చింది. విశాఖపట్నం అని చూడు, వైజాగపటం అని ఇంగ్లీషు పాత స్పెల్లింగుతో చూడు" అన్నారు. ఆ అమ్మాయి చూసింది. నంబరులో కనిపిస్తున్న అంకెలన్నీ కలిశాయి. హోదా కలిసింది. కింద మా ముత్తాత పేరు, సోంపేట, మా ఊరి పేరు. అక్షరాలు చిత్రంగా ఉన్నాయి గానీ మా ఊరే. చనిపోయిన తేదీ. ఆయన పేరు చెక్కిన చోటు, రంగూన్ మెమోరియల్. రంగూన్‌కి ఉత్తరాన తౌక్యాన్ శ్మశానంలో ఉంది. ఎక్కడ పడిపోయారో తెలియని, సమాధి లేని వాళ్లవి దాదాపు 27 వేల పేర్లు అక్కడ రాతి మీద చెక్కారు. అందులో మా పెదతాత పేరు కూడా ఉంది. ఇన్నేళ్లుగా ఉంది.

నాకు నోట మాట రాలేదు. మాస్టారు ఒకటే అన్నారు. "ముందు మీ నాన్నగారికి ఫోన్ చెయ్యమ్మా. రిబ్బన్ల సంగతి తర్వాత." అని మనవరాల్ని తీసుకుని బయటికి వెళ్లి, నేను మాట్లాడినంతసేపూ రోడ్డు మీద ఎండలో నిలబడ్డారు. కొట్టు ఆయనది, నీడ ఆయనది. నాన్న ఫోనులో ఏడుస్తుంటే నేనూ గట్టిగా ఏడ్చాను. ఎవరూ లోపలికి రాకుండా ఆయన గుమ్మం దగ్గర కాపలా ఉన్నారు. కుట్టిన బట్టల కోసం ఎవరో వస్తే తర్వాత రమ్మని పంపేశారు. ఒక తెలియని మనిషి ఏడుపుకి అంత మర్యాద ఇచ్చిన వాళ్లని నేను ఇంతకుముందు చూడలేదు.

రిబ్బన్ల విషయంలోనూ ఆయన పట్టుదల చెప్పాలి. ఆన్‌లైన్‌లో దొరికేవి తెస్తానంటే ఒప్పుకోలేదు. రంగు తేడా, నేత తేడా అన్నారు. ఒక్క గీత తేడా వస్తే మనిషి చేసిన పనే మారిపోతుందన్నారు. బెటాలియన్ వాళ్ల కోసం ఉంచిన పోలీస్ మెడల్ రిబ్బన్లు రెండు తీసి చూపించారు. రెండూ నీలం, అంచుల్లో వెండి, మధ్యలో ఎరుపు. మంచి సేవకి ఇచ్చినది అంతే. శౌర్యానికి ఇచ్చినదానికి నీలం భాగాల మధ్యలో ఒక్కో వెండి గీత ఎక్కువ. "ఈ గీత కోసం ప్రాణాలిచ్చిన వాళ్లున్నారమ్మా, ఎలా పడితే అలా కుట్టేస్తామా?" అన్నారు. వార్ మెడల్ రిబ్బన్ వాళ్ల నాన్న దాచినది ట్రంకు పెట్టెలో ఉంది. బర్మా స్టార్‌ది తనకి తెలిసిన వాళ్ల ద్వారా సికింద్రాబాద్ నుంచి తెప్పించారు. ముదురు నీలం, నడుమ ఎర్రటి పట్టీ, రెండు నీలాల మధ్యలోనూ నారింజ రంగు. నారింజ అంటే సూర్యుడట. 1939-45 స్టార్‌ రిబ్బన్‌లో నీలం, ఎరుపు, లేత నీలం మూడూ సమానంగా ఉంటాయి. నేవీ, ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్. ముదురు నీలం ఎప్పుడూ ఛాతీ నడుమ వైపే రావాలి. ఫ్రేములోనూ తిరగబడకూడదని రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టారు.

డబ్బులు ఎంతని అడిగితే, "యూనిఫారానికి తీసుకుంటాను. యుద్ధంలో పోయినోళ్ల రిబ్బనుకి మా నాన్న తీసుకోలేదు, నేనూ తీసుకోను" అన్నారు. సికింద్రాబాద్ పోస్టు ఖర్చు కూడా తీసుకోలేదు. వంగి కాళ్లకి దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపేశారు. పేరు రాయొద్దన్నారు, ఫోటో వద్దన్నారు. అందుకే రాయడం లేదు. మాస్టారూ, మీ మనవరాలు ఇది మీకు చదివి వినిపిస్తుందని తెలుసు. మా ఇంట్లో ఇకమీదట పెదతాతకి పెట్టే ప్రతి తద్దినం రోజునా మిమ్మల్ని కూడా తలుచుకుంటాం. ఆ మెడల్స్‌ని ఇంకెప్పుడూ చింతపండుతో గానీ, బ్రాసోతో గానీ తోమం. మీకిచ్చిన మాట అది.

నాన్న, అమ్మ, తమ్ముడు, మా ఆయన సంగతి వేరే చెప్పక్కర్లేదు. మరదలు వంటంతా ఒంటిచేత్తో చూసుకుంది.

ఆ తేదీకి తిథి లెక్క కట్టి ఇచ్చిన మా ఊరి పంతులుగారు దక్షిణ ముట్టలేదు, ఆయనకి నమస్కారం. అసలు మాస్టారి గురించి చెప్పింది చీపురుపల్లి బస్సులో నా పక్కన కూర్చున్న ఒక కానిస్టేబుల్ గారు. ఒళ్లో డబ్బా చూసి అడిగారు. పేరు అడగడం మర్చిపోయాను, ఇది చదివితే మాట్లాడండి సార్.

అయ్యో, భూతద్దం ఇచ్చిన వాచీ రిపేరు తాతని మర్చిపోయాను. మాస్టారి కొట్టు ఎదురుగానే ఉంటారు. తన పని ఆపుకుని మాకిచ్చారు.

ఫ్రేము షాపు అబ్బాయి రాత్రి తొమ్మిదింటిదాకా కొట్టు తెరిచి ఉంచి మరీ ఇచ్చాడు. అతనికి ఇంకా మూడొందలు బాకీ, రేపు తమ్ముడు సోంపేట వెళ్తున్నాడు, ఇచ్చేస్తాడు.