పాఠకుల సంఘం వార్షిక నివేదిక: పుస్తకాల నుంచి చెరువు కట్ట దాకా

సభ్యులందరికీ నమస్కారం.

నెలకో పుస్తకం అని పరుగులు పెడుతున్నాం, ఏదీ మనసులో నిలవడం లేదని పోయిన సర్వసభ్య సమావేశంలో మీలో చాలామంది అన్నారు. అందుకే ఈ ఏడు తక్కువ పుస్తకాలే తీసుకున్నాం. వాటన్నిటినీ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివాం: మన ఓరుగల్లు చెరువులు ఎట్లా బతికాయి, ఇప్పుడెందుకు ఇట్లా అయ్యాయి?

సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'తో మొదలుపెట్టాం. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలు రాసిన పుస్తకం కాబట్టి ఇంటర్ చదివే పిల్లలు కూడా వదలకుండా కూర్చున్నారు. కాకతీయుల యుగం ఒక్కదానికే మూడు ఆదివారాలు పట్టింది.

ఆ తర్వాత రామప్పకు పోయాం. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చాలామంది గుడి చూసి తిరిగొస్తారు. మేం ఎక్కువసేపు చెరువు కట్ట మీదే కూర్చున్నాం. ఒకప్పుడు నీరడి పని, అంటే చెరువు నీళ్లు పొలాలకు పంచే పని చేసిన ఒక తాత తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత నీళ్లు పోవాలో చెప్తుంటే నోట్సు రాసుకోవడం కూడా మర్చిపోయాం. మన అల్మరాలో ఉన్న పుస్తకాల్లో చెరువు తవ్వించిన వాళ్ల పేర్లున్నాయి, దాన్ని తరతరాలుగా కాపాడిన నీరడి గురించి ఒక్క పేజీ లేదు. ఈ లోటు నన్ను బాగా బాధపెట్టింది.

గొలుసుకట్టు చెరువులు అంటే ఏంటో మాకు అక్కడే అర్థమైంది. పై చెరువు నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు మీంచి పొర్లితే, ఆ నీళ్లు కాల్వ పట్టుకుని కింది చెరువుకు చేరాలి. కాల్వ మీద ఇళ్లు లేస్తే నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. 2020 ఆగస్టులో హనుమకొండ కాలనీల్లో నడుము లోతు నీళ్లలో నిలబడ్డ సభ్యులు మనలో ఉన్నారు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వాన పడింది. అంత వానను ఏ గొలుసైనా ఆపగలదా అని చర్చ రాత్రి పది దాకా సాగింది, తేలలేదు.

మా వాడకట్టు చెరువు హద్దుల మ్యాప్ కోసం సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాం. 30 రోజులు దాటినా జవాబు రాలేదు, మొదటి అప్పీలు వేశాం.

రేచల్ కార్సన్ 1962లో డీడీటీ లాంటి పురుగుమందుల మీద రాసిన 'సైలెంట్ స్ప్రింగ్'ను ఇంగ్లిష్ వచ్చిన ఇద్దరు సభ్యులు అధ్యాయాలవారీగా తెలుగులో వినిపించారు. పత్తి పండించే సభ్యులు 1997-98లో లద్దె పురుగు మీద మందు మీద మందు కొట్టిన రోజులు, అప్పుల టెన్షన్‌తో చనిపోయిన తమ ఊరివాళ్లను తలుచుకున్నారు. ఆ సాయంత్రం చర్చ పెట్టలేకపోయాం.

జమాఖర్చుల కాగితం జతచేశాం. వానకు గోడ చెమ్మెక్కి కింది అరలో కొన్ని పుస్తకాలు పాడయ్యాయి, రేకుల అల్మరా కొన్నాం.

వచ్చే ఏడు నీరడుల జ్ఞాపకాలను మనమే రాసిపెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. మీ ఇంట్లో, మీ ఊర్లో ఆ పని చేసిన పెద్దలుంటే ఎండలు ముదరకముందే కార్యదర్శికి చెప్పండి.