చిన్నాకు, రెండు జెట్ స్కీ బండ్ల (నీళ్ల మీద నడిపే స్కూటర్ల) స్టార్టింగ్ గురించి

దుబాయ్

చిరంజీవి చిన్నాకు,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని నాన్న చెప్పారు, సంతోషం.

నీ వాయిస్ మెసేజ్‌లు రెండూ విన్నాను. యమహా వీఎక్స్ బటన్ నొక్కితే ‘టక్’మని ఆగిపోతోంది. పాత టూ-స్ట్రోక్ బండికి సెల్ఫ్ బాగానే తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. దానికి సి.డి.ఐ. (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ పెట్టె) పోయిందని, కొత్తది తెప్పించాలని ఎవరో చెప్పారన్నావు. ఇంకా ఆర్డర్ పెట్టొద్దు. ఉప్పునీళ్లలో తిరిగే బండికి పెట్టెలు పోవడం తక్కువ, కనెక్షన్లు పోవడం ఎక్కువ. మీటరు పెట్టి వరసగా చూసుకుంటూ వెళ్తే ఏ చోట కరెంటు ఆగిపోతోందో బండే చెబుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఋషికొండ ఒడ్డున పెట్టుకుని కాదు, షెడ్డుకు తెచ్చుకుని నీడలో చెయ్యి.

ముందుగా ఒక జాగ్రత్త. సీటు తీసి కనీసం ఐదు నిమిషాలు అలాగే వదిలెయ్. అడుగున పెట్రోలు ఆవిరి నిలిచి ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. వాసన వస్తుంటే ఏ వైరూ ముట్టుకోకు, లీకు ఎక్కడో ముందు చూడు. బ్యాటరీ తీసేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ చివర. ప్లస్ విప్పుతుండగా పానా ఇంజిన్‌కి తగిలినా అప్పుడు షార్ట్ అవ్వదు.

వీఎక్స్ సంగతి చూద్దాం. అస్సలు శబ్దమే రాకపోతే లాన్యార్డ్ (నడిపేవాడి ఒంటికి కట్టే తాడు) క్లిప్, ఫ్యూజు, స్టార్ట్ బటన్ అనుమానించాలి. యమహాలో స్టాప్ బటన్ కింద క్లిప్ సరిగ్గా కూర్చోకపోతే స్టార్ట్ బటన్ పనిచేయదు. రిమోట్ ఉన్న మోడల్ అయితే లాక్‌లో ఉందేమో కూడా చూడాలి. నీకు ‘టక్’ వస్తోంది కాబట్టి ఇవన్నీ దాటి కరెంటు రిలే (సెల్ఫ్‌కి పెద్ద కరెంటు వదిలే స్విచ్) దాకా వచ్చినట్టే. ఇక మిగిలినవి బ్యాటరీ, లావు కేబుళ్లు, రిలే లోపలి కాంటాక్టులు, సెల్ఫ్ మోటారు. లేదంటే ఇంజినే బిగుసుకుని ఉండాలి.

ఆ చివరిదే ముందు తేల్చుకోవాలి. బండి ఈమధ్య బోల్తా పడిందా? తాడు కట్టి లాక్కొచ్చారా? ఇంజిన్ ఆగిన బండిని గంటకు 8 కిలోమీటర్లకంటే వేగంగా లాగితే కూలింగ్ గొట్టాల్లోంచి నీళ్లు ఎగ్జాస్ట్‌లోకి, అక్కడినుంచి సిలిండర్లలోకి చేరతాయి. బోల్తా పడ్డాక వెనక స్టిక్కర్ చూపిన దిశలో కాకుండా ఎదురు తిప్పినా అదే జరుగుతుంది. నీళ్లు అణగవు కదా, పిస్టన్ ఆగిపోతుంది, మనకి ‘టక్’ అనే వినిపిస్తుంది. అప్పుడు మళ్లీ మళ్లీ బటన్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు, రిలే కాలిపోవచ్చు. నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్ కనెక్టర్లు తీసేసి, సిలిండర్ల మీద గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టుకుని ఒక్కసారి సెల్ఫ్ కొట్టు. నీళ్లు చిమ్మితే నీ సమస్య కరెంటుది కాదు. ఆయిల్ డిప్‌స్టిక్ చూడు. మజ్జిగ రంగులో ఉంటే ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా స్టార్ట్ చెయ్యకు. ఉప్పునీళ్లు చేరిన ఇంజిన్‌ని మర్నాటికి వదిలెయ్యకూడదు.

ప్లగ్గులు తీసినా తిరగకపోతే మీటరు తియ్. ఛార్జింగ్ తీసేసి కొన్ని గంటలు ఆగాక బ్యాటరీ 12.6 వోల్టులు లేదా పైన ఉండాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.0 అంటే దాదాపు ఖాళీ. ఈ అంకె చూసి బ్యాటరీ బాగుందని మాత్రం తీర్మానించకు. బటన్ నొక్కి ఉంచినప్పుడు ఎంతకి పడుతోందో అదీ ముఖ్యం. 10 వోల్టులపైన నిలబడితే మంచిదే. ఫుల్ ఛార్జ్‌లో ఉండి కూడా 9.5 కిందికి జారితే బ్యాటరీ బలం పోయిందని అనుమానించు. వీఎక్స్ లాంటి ఫోర్-స్ట్రోక్‌లో ఇంకో చిక్కు ఉంది. వోల్టేజి అంత కిందికి పడితే సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతున్నా ఇంజిన్ కంప్యూటరు పడుకోవచ్చు, ప్లగ్గుకి కరెంటు ఇవ్వకపోవచ్చు. బ్యాటరీ మార్చాల్సిన చోట కాయిళ్లు మార్చి డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇక కేబుళ్లు. పైకి నల్లటి రబ్బరు నిగనిగలాడుతున్నా లోపల రాగి తీగలు చిలుము పట్టి పచ్చగా, నల్లగా అయిపోతాయి. కేబుల్ చివర క్రింపు (తీగని నొక్కి బిగించిన చోటు) దగ్గర నుంచి ఉప్పు లోపలికి పాకుతుంది. దీన్ని ఓమ్‌లలో కొలిస్తే దొరకదు. సెల్ఫ్ 100 ఆంపియర్లు లాగుతుంటే 0.02 ఓమ్ అడ్డు ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి. నీ మీటరు తీగలకే అంతకంటే ఎక్కువ రెసిస్టెన్స్ ఉంటుంది, 0.02ని అదెలా చూపిస్తుంది? అందుకే లోడు మీద వోల్టులు కొలవాలి. మీటరు ప్లస్‌ని బ్యాటరీ ప్లస్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు), మైనస్‌ని సెల్ఫ్ మోటారు బోల్టు మీద పెట్టి ఒకరిచేత బటన్ నొక్కించు. 0.5 వోల్టు లోపు రావాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ ఇంజిన్ బాడీకీ మధ్య అలాగే చూడు. 0.2 లోపు ఉండాలి. ఎక్కువొస్తే బ్యాటరీ వైపుకి ఒక్కో జాయింటు దాటుతూ కొలుచుకుంటూ వెళ్లు, అంకె ఒక్కసారి ఎక్కడ తగ్గితే అప్పుడే దాటిన జాయింటే దొంగ.

రిలేని విడిగా కూడా ఇలాగే పట్టుకోవచ్చు. బటన్ నొక్కి ఉంచి రెండు లావు బోల్టుల మధ్య మీటరు పెట్టు. 0.3 కంటే ఎక్కువ వస్తే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, రిలే మార్చెయ్. స్క్రూడ్రైవరుతో రెండు బోల్టులూ కలిపి చూసే అలవాటు మానుకోరా. ఆ మెరుపు పెట్రోలు ఆవిరి పక్కనే వస్తుంది. రిలే దాటి మోటారు బోల్టు దగ్గర 10 వోల్టులు వస్తున్నా, ఎర్త్ బాగున్నా, మోటారు తిరగకపోతే అప్పుడు మోటారు విప్పు. లోపలికి నీళ్లు చేరి బ్రష్‌లు బిగుసుకుంటాయి, తుప్పుకి అయస్కాంతం ముక్కలు గోడ నుంచి ఊడిపోతాయి. మోటారు గిర్రున తిరిగి ఇంజిన్ తిరగకపోతే బెండిక్స్ (మోటారుని ఇంజిన్‌కి కలిపే పళ్ల చక్రం) ఇరుక్కుంది.

పాత బండికి ఇదంతా అక్కర్లేదు, సెల్ఫ్ తిరుగుతోంది కదా. ప్లగ్గుకి కరెంటు వస్తోందా లేదా అన్నదే ప్రశ్న. ప్లగ్గు విప్పి దాన్ని సిలిండర్ రంధ్రం పక్కనే ఆనించి చూడొద్దు, ఆ రంధ్రంలోంచి పెట్రోలు తుంపరే వస్తుంది. క్లిప్ ఉన్న స్పార్క్ టెస్టర్లు రెండు కొను. పాత ట్విన్ సిలిండర్ బండ్లలో చాలావాటికి ఒకే కాయిల్ (వోల్టేజి పెంచి ప్లగ్గులకి పంపేది) నుంచి రెండు తీగలొస్తాయి. రెండింటినీ ఒకేసారి ఎర్త్ చెయ్యాలి. ఒక దాన్ని గాలిలో వదిలేస్తే రెండోదానికీ సరిగ్గా రాదు, పైగా కాయిల్, సి.డి.ఐ. రెండూ దెబ్బతినొచ్చు.

ఒక వైపు నీలంగా గట్టిగా వచ్చి ఇంకో వైపు బలహీనంగా ఉంటే ప్లగ్గు, క్యాపు, తీగ చూడు. క్యాపు తిప్పితే ఊడి వస్తుంది. తీగ చివర చిలుము కనిపిస్తే 5 మిల్లీమీటర్లు కత్తిరించి, మెరిసే రాగి వచ్చాక క్యాపు మళ్లీ బిగించు. రెసిస్టర్ క్యాపులు సాధారణంగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తాయి. అంతులేని రీడింగు వస్తే పారెయ్. ప్లగ్గు నంబరులో ‘ఆర్’ అక్షరం ఉన్నదే వాడు, లేని రకం వేస్తే ఇగ్నిషన్ పెట్టెకి కరెంటు గోల (నిప్పురవ్వ వల్ల వచ్చే విద్యుత్ ఆటంకం) ఎక్కువవుతుంది. వీఎక్స్ 110 కి సి.ఆర్.9.ఇ.బి., గ్యాపు 0.7 నుంచి 0.8 మి.మీ. దాని మరలు సన్నవి, చేత్తో చివరిదాకా తిప్పాకే పానా పెట్టు.

రెండు వైపులా కరెంటు లేకపోతే నేను మొదట చూసేది స్టాప్ స్విచ్. ఇలాంటి పాత బండ్లలో ఆ స్విచ్ ఎర్త్ ఇచ్చి సి.డి.ఐ. నోరు నొక్కేస్తుంది. హ్యాండిల్ దగ్గర స్విచ్‌లో ఉప్పు పేరుకుంటే బటన్ నొక్కకపోయినా ఎర్త్ అవుతూనే ఉంటుంది. ఎలక్ట్రిక్ బాక్సు దగ్గర స్టాప్ వైరు ఒక్కటీ విడదీసి సెల్ఫ్ కొట్టు. కరెంటు వచ్చిందా, దోషం స్విచ్‌దే. ఆ స్థితిలో బండిని మాత్రం స్టార్ట్ చెయ్యకు, బటన్‌తో ఆపలేవు.

అయినా రాకపోతే పల్సర్ కాయిల్ (నిప్పురవ్వ ఎప్పుడు రావాలో సి.డి.ఐ.కి చెప్పేది), ఛార్జ్ కాయిల్ (సి.డి.ఐ.కి కరెంటు ఇచ్చేది) రెసిస్టెన్స్ కొలిచి సర్వీస్ మాన్యువల్‌లోని అంకెలతో పోల్చు. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి ఒకసారి. పొద్దున బాగా తిరిగి మధ్యాహ్నం వేడెక్కాక మొరాయించే బండి రోగం చాలాసార్లు ఇక్కడ దొరుకుతుంది, వేడికి లోపలి సన్నతీగ విడిపోతుంది. సి.డి.ఐ.ని మామూలు మీటరుతో పరీక్షించలేం. దానిలోకి వచ్చేవన్నీ సరిగ్గా ఉండి, ఎర్త్ బాగుండి, బయటికి ఏమీ రాకపోతేనే దాని మీద నింద వెయ్యాలి.

కనెక్టర్ విప్పిన ప్రతిసారీ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తడి చేరనివ్వని గ్రీజు) పల్చగా రాయి. కొత్త వైరు వెయ్యాల్సి వస్తే తగరం పూత ఉన్న మెరైన్ వైరే, మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని తీగని పట్టుకునే గొట్టం). మామూలు ఇన్సులేషన్ టేపు ఉప్పునీళ్లని లోపలే పట్టి ఉంచుతుంది. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు. మళ్లీ పోతే పెద్దది కాదు, షార్ట్ ఎక్కడో వెతుకు. 19 ఆంపియర్-అవర్ బ్యాటరీని 2 ఆంపియర్ల లోపే ఛార్జ్ చెయ్. నడుస్తున్న ఇంజిన్ నుంచి బ్యాటరీ తీగ ఎప్పుడూ ఊడదియ్యకు.

బండి అందుకున్నాక నీళ్లు లేకుండా 15 సెకన్లకు మించి నడపొద్దు. గొట్టం పెట్టినప్పుడు ఇంజిన్ ముందు, నీళ్లు తర్వాత. ఆపేటప్పుడు నీళ్లు ముందు, ఇంజిన్ తర్వాత. 3,000 ఆర్.పి.ఎం. దగ్గర బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు కనిపిస్తే ఛార్జింగ్ బాగున్నట్టే.

ఇవి నాకు రాసి పంపు: వీఎక్స్ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు ఎంత, బటన్ నొక్కినప్పుడు ఎంత, ప్లస్ వైపు ఎంత పోయింది, ఎర్త్ వైపు ఎంత పోయింది. పాత బండిలో స్టాప్ వైరు తీస్తే కరెంటు వచ్చిందా, పల్సర్ కాయిల్ చల్లగా ఎంత, వేడిగా ఎంత. సి.డి.ఐ. మీది పార్టు నంబరు కూడా ఫొటో తియ్. నిజంగా అదే పోయిందని తేలితే ఇక్కడ వెతికి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపిస్తాను.

అమ్మకీ నాన్నకీ నమస్కారాలు చెప్పు.

మీ అన్నయ్య