మా కారు కారుతోంది

నమస్కారం అండీ. షికాగో చుట్టుపక్కల పెళ్లిళ్లకి, ఫోటో షూట్లకి వెనక కప్పు తెరుచుకునే మా పాత అమెరికన్ కారు స్టుడిబేకర్ వాగన్‌ఎయిర్‌ని అద్దెకి బుక్ చేసుకున్నవాళ్లకి ఒక సంగతి చెప్పాలి.

పోయిన నెల ఒక పెళ్లిలో, ఆపి ఉంచిన బండి వెనక భాగంలో పెళ్లికూతురు నిలబడి ఫోటోలు దిగుతుంటే చినుకులు మొదలయ్యాయి. గబగబా పైకప్పు మూశాం. మూసినా నీళ్లు కారాయి, సరిగ్గా ఆ అమ్మాయి పట్టుచీర మీదే. అద్దె మొత్తం వెనక్కి ఇచ్చేశాను, చీర డ్రై క్లీనింగ్ ఖర్చూ నేనే పెట్టుకున్నాను. తప్పు నాదే. కప్పు సంగతి తెలిసి కూడా, రెండు చినుకులకి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఈ బండికి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. 1963 మోడల్‌గా ఇండియానాలోని సౌత్ బెండ్‌లో మొదలైంది. డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్. వెనక భాగం కప్పు ముందుకి జరుగుతుంది, వెనక అద్దం డోర్‌లోకి దిగిపోతుంది. ఇక ఫ్రిజ్‌ని పడుకోబెట్టకుండా నిలువునే తీసుకెళ్లొచ్చు! మనవాళ్లకి మాత్రం పెళ్లికూతురు నిలబడటానికి పనికొచ్చింది. అయితే కొత్త బండ్లకే నీళ్లు కారుతున్నాయని గోల పుట్టి, కంపెనీ కదలని కప్పుతో కూడా ఈ బండిని అమ్మాల్సి వచ్చింది. 1963 డిసెంబర్‌లో సౌత్ బెండ్ ఫ్యాక్టరీ మూతపడింది. కెనడాలోని హామిల్టన్‌లో తయారీని 1966 దాకా లాక్కొచ్చారు. సుమారు నలభై ఏళ్ల తర్వాత ఎన్‌వాయ్ ఎక్స్‌యూవీ అనే బండితో జీఎంసీ అనే ఇంకో అమెరికన్ కంపెనీ ఇదే ఐడియాతో వచ్చింది, అదీ ఎక్కువ కాలం నిలవలేదు.

మెకానిక్ అయితే సిలికాన్ కొట్టి కప్పు శాశ్వతంగా మూసేయమన్నాడు. నాకు మనసొప్పలేదు. అది మూసేస్తే మీరు ఈ బండినే ఎందుకు అడుగుతారు? రబ్బర్లు కొత్తవి వేయించాను, నీళ్లు పోయే గొట్టాలు శుభ్రం చేయించాను. మొన్న ఆదివారం గార్డెన్ పైపుతో పది నిమిషాలు తడిపి చూశాను. ఎడమ మూల నుంచి ఇంకా బొట్లు పడుతున్నాయి.

కాబట్టి ఇకమీదట వాన సూచన ఉన్న రోజు బండి పంపను. ముందు రోజు సాయంత్రమే ఫోన్ చేసి చెప్తాను, అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాను. వేరే తేదీ కావాలంటే అదనంగా తీసుకోను. ఇప్పటికే బుక్ చేసినవాళ్లు వద్దనుకున్నా నాకు కోపం లేదు, ఒక్క మెసేజ్ పెట్టండి చాలు. ఎండ కాస్తే మాత్రం కప్పు తీసే ఉంచుతాను.