కణితి తీసే ముందు ఆ రక్తపరీక్ష చేయించండి

సంపాదకుల గారికి నమస్కారం.

పిల్లల్లో క్యాన్సర్ అంటే అందరికీ బ్లడ్ క్యాన్సరే గుర్తొస్తుంది. జెర్మ్ సెల్ ట్యూమర్ల గురించి రాసేవాళ్లు తక్కువ, పదిహేనేళ్ల లోపు పిల్లల క్యాన్సర్లలో ఇవి 3 శాతం దాకానే ఉంటాయి కాబట్టి కావచ్చు. నేను పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుని, అందుకే ఈ ఉత్తరం.

పెద్దయ్యాక అండాలుగానో వీర్యకణాలుగానో మారాల్సిన కణాల నుంచి ఈ కణితులు పుడతాయి. అండాశయంలో, వృషణంలోనే కాదు, వెన్ను చివర తోక ఎముక దగ్గర, ఛాతీలో, మెదడులో కూడా రావచ్చు. తోక ఎముక దగ్గరి గడ్డ బయటికి ఉబ్బితే ఎవరైనా చూస్తారు, లోపలికి పెరిగితే మాత్రం బిడ్డకి మోషన్ సరిగ్గా అవ్వట్లేదని మందులు మారుస్తూనే నెలలు గడిచిపోతాయి.

నేను అడిగేది ఒక్కటే. ఇలాంటి గడ్డ అని అనుమానం రాగానే, కత్తి పెట్టకముందే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ (ఈ కణితుల్లో కొన్ని రక్తంలోకి వదిలే ప్రొటీన్లు) రక్తపరీక్షలు చేయించాలి. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించే యోక్ శాక్ ట్యూమర్ అనే రకంలో ఏఎఫ్‌పీ బాగా పెరుగుతుంది. కణితి పూర్తిగా తీసేస్తే అది దాదాపు వారానికోసారి సగానికి తగ్గుతూ రావాలి, తగ్గకపోతే ఎక్కడో మిగిలిందనే అర్థం. ముందు ఎంత ఉందో తెలియకపోతే ఆ తగ్గుదలని దేనితో పోల్చి చూస్తాం? అన్ని రకాల్లోనూ ఇది పెరగదు, నిజమే, అయినా పెరిగే రకాల్లో దీన్ని మించిన కాపలా లేదు. సర్జరీ కూడా అనుభవం ఉన్నవాళ్లే చేయాలి. తోక ఎముక తీయకుండా గడ్డ ఒక్కటే తీస్తే మళ్లీ రావచ్చు, వృషణంలో గడ్డ అయితే కోత గజ్జలోంచి పెట్టాలి, వృషణాల సంచి మీద కాదు.

ల్యాబుల వాళ్లకి కూడా ఒక మాట. అప్పుడే పుట్టిన బిడ్డకి ఏఎఫ్‌పీ పదుల వేలల్లో ఉండటం మామూలే, ఏడాది నిండేసరికి దాదాపు పెద్దల స్థాయికి దిగుతుంది. రిపోర్టులో మాత్రం పెద్దవాళ్ల నార్మల్ ఒక్కటే వేసి, పక్కన లావు అక్షరాల్లో 'హై' అని కొడతారు. రెండు నెలల పసిబిడ్డ తల్లి ఆ కాగితం చేత్తో పట్టుకుని వణికిపోతుంటే మేం కూర్చోబెట్టి చెప్పాల్సి వస్తోంది. వయసువారీ అంకెలు వేయడానికి ఏం అడ్డం?

భయపడాల్సిన జబ్బే, కానీ సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులు వచ్చాక సకాలంలో వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది బతుకుతున్నారు. ఆ మందు వినికిడిని దెబ్బతీయగలదు కాబట్టి ప్రతి విడత ముందూ చెవి పరీక్ష జరగాలి. వినికిడి కాపాడే సోడియం థయోసల్ఫేట్‌కి 2022లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది, జబ్బు వేరే అవయవాలకు పాకని పిల్లల కోసం. కీమో మొదలుపెట్టే ముందే దాని గురించి డాక్టర్‌ని అడగండి, సగం కోర్సు అయ్యాక కాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు