గుమ్మడి తీగ కార్డులు ఈ సంక్రాంతికి అందవు

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. సంక్రాంతికి మేం చేత్తో చేసే గుమ్మడి తీగ కార్డుకు ఆర్డరు పెట్టినవాళ్లకు అది పండగ లోపు అందదు. డబ్బు మొత్తం వెనక్కి పంపుతున్నాను, ఎవరూ అడగక్కర్లేదు. ఆలస్యమైనా సరే, కార్డే కావాలనుకునేవాళ్లు ఒక్క మెసేజ్ పెట్టండి, వరసలో మీ చోటు అలాగే ఉంటుంది.

కారణం కాగితం. ఇన్నేళ్లుగా మా దగ్గర కొంటున్న మీకు ఇది వివరంగా తెలియాలి.

ఆ కార్డులో ప్రతి ఆకునూ పెడనలో చెక్కించిన టేకు అచ్చుతో వేస్తాం. కలంకారీ బట్టల కోసం అచ్చులు చెక్కే పనివారే ఇవీ చెక్కారు. ఆకు ఈనెల గీతలకు ఒక అచ్చు, రంగు నింపడానికి ఇంకోటి. ఇంకు ఆరాక ఆకు అంచు వెంట కత్తిరించి, మెత్తటి షీటు మీద బోర్లా పెట్టి, గుండు మొన ఉన్న పుల్లతో నడి ఈనె వెంబడి నొక్కితే ఆకు వంపు తిరుగుతుంది. అడుగు ఆకులు గమ్‌తో నేరుగా అంటిస్తాం, పై ఆకుల కింద ఫోమ్ టేపు ముక్కలు పెడతాం. గొబ్బెమ్మ మీద పెట్టే గుమ్మడి పువ్వు అన్నిటికంటే ఎత్తులో ఉండాలి కాబట్టి దాని కింద రెండు పొరలు.

ఇదంతా నిలబడేది చేతి కాగితం మీదే. బనియన్ల ఫ్యాక్టరీల్లో మిగిలిన నూలు గుడ్డ ముక్కల్ని గుజ్జు చేసి తీసే కాగితం అది. మిల్లు కాగితంలో పోగులు ఎక్కువగా ఒకే వైపుకు పడుకుని ఉంటాయి, అందుకే ఒక పక్కకు బాగానే వంగుతుంది, అడ్డంగా వంచితే విరుగుతుంది. చేతి కాగితంలో పోగులు అన్ని వైపులకూ అల్లుకుంటాయి. ఆకును ఎటు వంచినా వంగుతుంది.

అయితే ఆ కాగితానికి సైజింగ్ సరిగ్గా ఉండాలి. అంటే ఇంకు లోపలికి ఇంకిపోకుండా గుజ్జులోనో, పైపూతగానో జిగురు పట్టించాలి. ఈసారి వచ్చిన కట్టలో అది లేదు. రంగు అదే, మందం అదే, ముట్టుకుంటే తేడా తెలియదు. నీటి చుక్క వేస్తే మాత్రం బ్లాటింగ్ పేపర్‌లా పీల్చేసింది. మంచి కాగితం మీద ఆ చుక్క అలాగే నిలబడి ఉండాలి. అచ్చు వేస్తే సన్న ఈనెలన్నీ చెదిరి, ఆకు మీద మసక మరక మిగిలింది.

సరఫరాదారుకు ఫొటోలు పంపాను. "చేతి కాగితమంటే అలాగే ఉంటుందండీ, అదే దాని అందం" అన్నారు. ఆ మాట నాకు ఇంకా మింగుడుపడలేదు. అంచులు ఎగుడుదిగుడుగా ఉండటం అందం, అక్కడక్కడా ఓ నూలు పోగు కనిపించడం అందం. ఈనె చెదరడం పనిలో లోపం. ఎన్నో ఏళ్లుగా ఆయన దగ్గర కొంటున్నాను, బేరం ఆడలేదు, ఒక్కసారి కూడా డబ్బు ఆపలేదు. నాకు కాగితం గురించి తెలియనట్టు మాట్లాడటమే ఎక్కువ బాధ. చివరికి మారుస్తామన్నారు, అదీ పండగ తర్వాత.

గంజి పట్టించి చూశాం. కాగితం ఆరేసరికి వంకర్లు తిరిగింది. పైగా గంజి పెట్టిన కాగితానికి పురుగు పడుతుంది, దాచుకునే కార్డుకు అది పనికిరాదు.

తర్వాత మిగిలిన దారి మిల్లు అట్ట. దాని దగ్గరే చాలా రోజులు ఆగిపోయాను. నిజం చెప్పాలంటే అచ్చు దాని మీద ఇంకా స్పష్టంగా పడింది. కొనేవాళ్లలో చాలామందికి తేడా తెలియకపోవచ్చు. నాతో పనిచేసే ఇద్దరు అక్కలకు కార్డుకింత అని ఇస్తాను, పని ఆగితే వాళ్ల పండగ ఖర్చుకు దెబ్బ. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అయినా అడ్డంగా వంచిన చోట ఆకు మీద తెల్లగా పగులు గీత వచ్చింది. పువ్వు రేకులు అసలు వంపు తిరగలేదు. మీరు డబ్బిచ్చేది ఆ వంపుకే. వద్దనుకున్నాను. అక్కల కూలి నేను ముందే ఇచ్చేశాను, ఆ లోటు కార్డు ధర మీద వేయను.

పాత కస్టమరు ఒకరు, "స్కాన్ చేసి ప్రింట్ కొట్టించండి, ఎవరికి తెలుస్తుంది" అన్నారు. మంచికే అన్నారు. కానీ చేత్తో వేసిన అచ్చు అని చెప్పి మీ చేతికి ప్రింట్ ఇవ్వడం నా వల్ల కాదు. ఎన్ని ఆర్డర్లు పోయినా ఇవ్వను.

సీమంతం, గృహప్రవేశం కార్డులకు పాత కట్టలోని మంచి కాగితం ఉంది, అవి మామూలుగానే వస్తాయి. ఉగాదికి వేపపూత కార్డు మిల్లు అట్ట మీదే చేస్తున్నాం. అందులో వంచే ఆకులు లేవు, అచ్చు నేరుగా కార్డు మీదే పడుతుంది. కాబట్టి అది లేచి ఉండదు, ధర కూడా తక్కువే. చూసుకుని ఆర్డరు పెట్టండి. గుమ్మడి తీగకు కొత్త కాగితం రాగానే ప్రతి కట్టలోంచి ఒక షీటు తీసి నీటి చుక్క వేసి చూస్తాను. అది నిలబడితేనే సరఫరాదారుకు డబ్బు, మీకు తేదీ.