నైట్ డ్యూటీ చేసే ఆడోళ్ల నెలసరి సంగతి గూడ రాయున్రి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను హనుమకొండల ఒక ప్రైవేట్ హాస్పిటల్ల తొమ్మిదేండ్ల సంది స్టాఫ్ నర్సుగ చేస్తున్న. ఆడోళ్ల నైట్ షిఫ్టుల గురించి పేపర్ల వార్తలొస్తే క్యాబ్ ఉన్నదా, కెమెరాలున్నయా అనే కాడనే ఆగిపోతున్నయి. అవి కావాలె, కాదంటలేను, కానీ రాత్రంత తెల్లటి లైట్ల కింద కూసుంటే ఆడమనిషి ఒంట్ల ఏమైతదో ఎవ్వరు రాస్తలేరు.

నైట్లు పడకముందు నాకు 29, 30 రోజులకు డేట్ వచ్చేది. పడ్డంక ఒకసారి 38, ఇంకోసారి 52, ఒకసారైతే రెండు నెలలు దాటింది, అప్పుడు మా అత్తమ్మ కడుపు నిలబడ్డదనుకొని పరమాన్నం వండింది, కిట్‌ల చూస్తే ఒక్కటే గీత. ఆ సాయంత్రం ఆమె మొఖం ఇప్పటికీ యాదికొస్తది. థైరాయిడ్ టెస్టు, స్కానింగ్ అన్ని చేయించుకున్న, నార్మలే. చివరికి ఒక డాక్టరమ్మ "నీకు నెలకు నైట్లు ఎన్ని పడ్తయి బిడ్డా" అని అడిగింది. ఇన్నేండ్లల ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

సంగతేందంటే మన తలకాయల వడ్ల గింజంత పీనియల్ గ్రంథి ఉంటది, చీకటి పడ్డంక అది మెలటోనిన్ అనే హార్మోన్ వదుల్తది, అర్ధరాత్రి దాటినంక బాగ ఎక్కువుంటది. కంట్ల చూపుతోని సంబంధం లేకుండ వెలుతురును కనిపెట్టే కణాలు వేరే ఉన్నయి, అవి నీలం కలిసిన తెల్ల లైటు చూసినయంటే ఇంక పగలే అని మెదడుకు చెప్తయి, మెలటోనిన్ పడిపోతది. ఇది నిద్ర ఒక్కదాని ముచ్చట కాదు. అండం పెరిగే తిత్తిల ఉండే నీళ్లల్ల మెలటోనిన్ రక్తంల కంటే ఎక్కువుంటది, అండం దెబ్బతినకుండ అది కాపాడ్తదని పరిశోధనలు చెప్తున్నయి. అండం విడుదల చేయించే హార్మోన్లు గూడ ఒంట్ల గడియారం చూసుకునే నడుస్తయి.

మా నాయినది పరకాల దిక్కు ఊరు, బర్రెలు ఎక్కువ చలికాలంలనే ఎదకొస్తయని ఆయన చిన్నప్పటి సంది చెప్తుండె. పొద్దు చిన్నగై రాత్రి పెద్దగైతే మెలటోనిన్ ఎక్కువసేపు వస్తది, బర్రె ఒళ్లు దాన్ని పట్టే కాలాన్ని గుర్తు పడ్తది. మనిషికి అట్ల సీజన్ లేదు కానీ చీకటి అవసరం అయితే ఉన్నది.

అమెరికాల 71 వేల మంది నర్సుల లెక్కలు తీసి 2011ల ఒక స్టడీ వచ్చింది, షిఫ్టులు మారుకుంట నైట్లు ఎక్కువ నెలలు చేసినోళ్లకు నెలసరి టైముకు రాకపోవుడు ఎక్కువ కనపడ్డది. డెన్మార్క్‌ల 2019ల గర్భిణుల మీద చూస్తే, 8వ వారం దాటినంక వారంల రెండు లేదా అంతకన్న ఎక్కువ నైట్లు చేసినోళ్లకు ఆ తర్వాతి వారంల గర్భం పోయే రిస్క్ పెరిగింది. అన్నిటికి లైటే కారణమని నేను అంటలేను, నిద్ర లేకపోవుడు, టైముకు తినకపోవుడు గూడ ఉంటయి, పీసీఓడీ (అండాశయాల సమస్య), థైరాయిడ్ అసొంటి కారణాలు వేరే. డేట్ తప్పితే ముందుగాల డాక్టర్‌కు చూపించుకోవాలె. మెలటోనిన్ గోలీలు మాత్రం సొంతంగ కొనుక్కొని మింగొద్దు, పిల్లల కోసం చూస్తున్నోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు అసలే వద్దు.

మేం అడిగేది పెద్దది కాదు. మా రోస్టర్ ఎనకకు తిరుగుతది, నైట్ తర్వాత ఆఫ్టర్‌నూన్, దాని తర్వాత మార్నింగ్. ముందుకు తిప్పితే, అంటే మార్నింగ్, ఆఫ్టర్‌నూన్, నైట్ అని పెడితే ఒళ్లు సులువుగ అలవాటు పడ్తది, దానికి రూపాయి ఖర్చు లేదు. నర్సింగ్ స్టేషన్ మీద నాలుగు ట్యూబులు రాత్రంత ఎలుగుతనే ఉంటయి, ఇన్సులిన్ సిరంజి మీద గీతలు కనపడాలె నిజమే, దానికి ఒక టేబుల్ లైటు చాలు, మిగతా టైంల పసుపుపచ్చ లైటు పెట్టొచ్చు, వార్డుల పేషెంట్లు గూడ మొఖం మీద టవల్ కప్పుకొనే పండుకుంటున్నరు. పొద్దున ఇంటికొచ్చి కిటికీకి పాత చీర కట్టి పడుకుంటున్న, రేకుల ఇల్లు, ఎంత చీకటైతది చెప్పున్రి.

రేపు గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కుల వందల మంది ఆడపిల్లలు షిఫ్టులల్ల చేస్తరు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడోళ్లతోని రాత్రి 7 నుంచి పొద్దున 6 దాక పని వద్దన్నది, 2020ల చేసిన కొత్త కార్మిక చట్టం (లేబర్ కోడ్) వాళ్లు ఒప్పుకుంటే చేయించుకోవచ్చన్నది. నేను నైట్లు వద్దనే మనిషిని కాదు, మా ఇల్లు ఆ జీతం మీదనే నడుస్తున్నది. కానీ ఒప్పుకునుడు అంటే ఒంట్ల ఏమైతదో చెప్పి అడగాలె గదా. లేబర్ ఆఫీసరోళ్లు చెకింగ్‌కు వచ్చినప్పుడు రోస్టర్ గూడ తెప్పించుకొని చూడాలె, కడుపుతోని ఉన్నోళ్లకు నైట్లు తీసెయ్యాలె.

మా దగ్గర ఒక జూనియర్ పిల్లకు ఇప్పుడు మూడో నెల, సూపర్‌వైజర్‌కు చెప్పనీకి భయపడి ఊకున్నది. ఈ నెల ఆమెకు నాలుగు నైట్లు పడ్డయి. రెండు నేను తీసుకున్న, మిగిలిన రెండింటికి మనిషి దొరకలేదు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, హనుమకొండ