షుగర్ లేదన్న మాట గుండెకు పూచీ కాదు

సంపాదకులకు,

అయ్యా,

ముప్పై ఏళ్లు దాటిన వారందరికీ ఊరూరా, వార్డువార్డునా ప్రభుత్వం జరిపిస్తున్న రక్తపోటు, మధుమేహ పరీక్షల గురించి ఈ లేఖ రాస్తున్నాను. కార్యక్రమాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆసుపత్రి గడప తొక్కని వారి దగ్గరికి షుగర్ మీటరే నడిచి వెళ్లడం మామూలు విషయమేమీ కాదు. నా అభ్యంతరమల్లా ఆ మీటరు చూపిన అంకెను 'ఉంది', 'లేదు' అనే రెండు గడుల్లోనే సర్దేసి, మధ్యలో మిగిలిన వారిని ఉత్త చేతులతో ఇంటికి పంపడం గురించే.

ఇటీవల మా ప్రాంతంలో గుడి అరుగు మీద పరీక్షలు చేస్తుంటే కాసేపు నిలబడి చూశాను. ఒక పెద్దాయన వేలు గుచ్చి స్ట్రిప్ పెడితే 162 వచ్చింది. టిఫిన్ ఎన్నింటికి తిన్నారని ఎవరూ అడగలేదు. "రెండొందలు దాటలేదు బాబాయ్ గారూ, మీకు షుగర్ లేదు" అన్నారు. ఆయన చొక్కా జేబులో బీడీ కట్ట కనిపిస్తూనే ఉంది. నడుము కొలవాల్సిన టేపు సంచిలోంచి బయటికి రాలేదు. సాయంత్రంలోగా ట్యాబ్‌లో ఎక్కించాల్సిన పేర్లు ఎన్నో ఉన్న ఆ సిబ్బందిని నిందించి ప్రయోజనం లేదు. వారికి ఇచ్చిన పద్ధతే అలా ఉంది.

పరగడుపున 126 మిల్లీగ్రాములు, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ అయితే 6.5 శాతం, లేదా ఆపైన ఉంటేనే మధుమేహం అంటున్నాం. పరగడుపు హద్దును 140 నుంచి 126కు దించాలని 1997లో అమెరికా నిపుణుల సంఘం, 6.5 శాతాన్ని హద్దుగా పెట్టాలని 2009లో అంతర్జాతీయ నిపుణుల సంఘం సిఫారసు చేశాయి. రెండు సందర్భాల్లోనూ ప్రధానంగా చూసింది ఏ స్థాయి దగ్గర కంటి రెటీనా దెబ్బతినడం ఎక్కువవుతుందన్నదే. అంటే ఈ గీత కంటిని చూసి గీసింది. గుండె రక్తనాళాలు ఆ గీత కోసం ఆగవు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. లండన్‌లో ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో పద్దెనిమిది వేల మందికి పైగా పురుషులకు గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం పరీక్షించారు. ఆ పరీక్షలో 96 మిల్లీగ్రాములు దాటిన వారిలో, మధుమేహం లేకపోయినా, గుండె జబ్బు మరణాలు దాదాపు రెట్టింపయ్యాయి (అప్పుడు ఇచ్చిన గ్లూకోజు 50 గ్రాములే కాబట్టి ఆ అంకెను నేటి రిపోర్టుతో నేరుగా పోల్చుకోకూడదు). అమెరికాలో నాలుగు ప్రాంతాల ప్రజలపై జరిగిన ఏరిక్ అధ్యయనం ఫలితాలు 2010లో వెలువడ్డాయి. మధుమేహం లేని పదకొండు వేల మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, హెచ్‌బీఏ1సీ 5 నుంచి 5.5 లోపు ఉన్న వారికంటే 5.5 నుంచి 6 లోపు ఉన్న వారికి గుండె జబ్బు ముప్పు 23 శాతం, 6 నుంచి 6.5 లోపు ఉన్న వారికి 78 శాతం ఎక్కువగా కనిపించింది. వయసు, పొగతాగడం, కొలెస్ట్రాల్, రక్తపోటు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేలిన తేడా ఇది. అంతమాత్రాన 6.2 వచ్చిన ప్రతివారికీ గుండెపోటు ఖాయమని ఎవరూ కంగారు పడనక్కర్లేదు. అసలు ముప్పే తక్కువగా ఉన్న మనిషికి అది 78 శాతం పెరిగినా ఇంకా తక్కువగానే ఉండవచ్చు.

మన దగ్గర పరిస్థితి చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున జరిగి 2023లో ప్రచురితమైన ఇండియాబ్ సర్వే దేశంలో 10 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దానికి ముందు దశలో ఉన్నారని అంచనా వేసింది. పత్రికల్లో మొదటి అంకెకు వచ్చిన పతాక శీర్షికలు రెండో దానికి రాలేదు. గోదావరి జిల్లాల పల్లెల్లో దాదాపు ఇరవై ఏళ్ల కిందట జరిపిన పరిశీలనలోనే ముప్పై దాటిన వారిలో 13 శాతానికి మధుమేహం, 15 శాతానికి పైగా జనానికి పరగడుపు షుగర్ హద్దుకు దగ్గరగా ఉన్నట్టు తేలింది. అదే ప్రాంతంలోని 45 గ్రామాల్లో 2003-04లో మరణాల కారణాలు ఆరా తీస్తే, మూడింట ఒక వంతు దాకా గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయి.

అయితే హద్దుకు దగ్గరగా ఉన్న షుగర్‌ను మందులతో దించేస్తే గుండె బాగుపడుతుందా? అంత సులువైతే బాగుండేది. నవిగేటర్ అనే ఔషధ ప్రయోగంలో తొమ్మిది వేల మందికి పైగా తీసుకుని, సగం మందికి షుగర్ తగ్గించే నటెగ్లినైడ్ మాత్ర ఇచ్చి చూశారు. ఒరిజిన్ అనే మరో ప్రయోగంలో పన్నెండున్నర వేల మందిని తీసుకుని సగం మందికి తొలి దశలోనే ఇన్సులిన్ మొదలుపెట్టారు. గుండె జబ్బులు మాత్రం తగ్గలేదు. ఈ దశలో పెరిగిన షుగర్ సాధారణంగా ఒంటరిగా రాదు. బొడ్డు చుట్టూ కొవ్వు, రక్తంలో పెరిగిన ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వులు, తగ్గిన మంచి కొలెస్ట్రాల్, రక్తపోటు దాని వెంటే వస్తాయి. కాబట్టి 162 అనే అంకె ఆ మిగతా వాటిని కూడా చూడమని చెప్పే కబురు. దాన్ని సాకుగా పెట్టుకుని ఆరోగ్యవంతుల చేతికి షుగర్ కొలిచే సెన్సార్లు అంటించే వ్యాపారాన్ని నేను సమర్థించడం లేదు.

ఫలితమిచ్చిన దారి వేరే ఉంది. చైనాలోని డాచింగ్ నగరంలో 1986లో మధుమేహానికి ముందు దశలో ఉన్న 577 మందిని తీసుకుని, కొందరికి ఆరేళ్లపాటు తిండి, వ్యాయామం విషయంలో క్రమం తప్పకుండా సలహాలిచ్చారు. ముప్పై ఏళ్ల తర్వాత లెక్క చూస్తే, సలహా అందని వారికంటే వీరిలో గుండె, రక్తనాళాల జబ్బులు 26 శాతం, వాటి వల్ల మరణాలు 33 శాతం తక్కువగా ఉన్నాయి. ఇందులో ఖరీదైన మందు ఏదీ లేదు. పిలిచి మాట్లాడే మనిషి ఉన్నారు.

అందువల్ల రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు నా వినతి ఇది. పరీక్షించిన ప్రతి ఒక్కరికీ అంకె, తిని ఎంతసేపయిందో రాసిన చీటీ ఇవ్వాలి. తిన్న తర్వాత 140 దాటిన వారిని మర్నాడు పరగడుపున రమ్మని, అప్పుడు కూడా 100 దాటితే నడుము, రక్తపోటు, కొలెస్ట్రాల్ చూసి, బీడీ, సిగరెట్, గుట్కా అలవాటు అడిగి, ఏడాదికి మళ్లీ పిలవాల్సిన జాబితాలో చేర్చాలి. హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్ముకోవడం మన దగ్గర కుదరదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. ఇనుము లోపం ఉన్నప్పుడు ఆ పరీక్ష అసలు కంటే ఎక్కువ చూపే వీలుంది.

మరొకటి. స్వీడన్‌లో జరిపి 2002లో ప్రచురించిన ఒక పరిశీలనలో, మధుమేహం లేదనుకున్న గుండెపోటు రోగులకు గ్లూకోజు తాగించి పరీక్షిస్తే, ఇంటికి వెళ్లే నాటికి మూడింట రెండు వంతుల మందిలో షుగర్ తేడాగా ఉన్నట్టు బయటపడింది. ఎన్టీఆర్ వైద్య సేవ, ఆరోగ్యశ్రీ పథకాల కింద స్టెంట్ వేయించుకున్న వారికి డిశ్చార్జికి ముందో, మొదటి తనిఖీకి వచ్చినప్పుడో ఈ పరీక్షను తప్పనిసరి చేసి, ఫలితాన్ని డిశ్చార్జి కాగితం మీదే రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
పశ్చిమ గోదావరి జిల్లా